హ్యాలీ ఫ్లానగన్ – పెట్టెల్లో దొరికిన నాటకశాల

మన హాస్టల్లో చదివిన ప్రతి ఒక్కరికీ ఒక ట్రంకు పెట్టె జ్ఞాపకం ఉంటుంది. బట్టల కింద పాత నోట్సులు, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు, ఏ వక్తృత్వ పోటీలోనో ఇచ్చిన సర్టిఫికెట్టు. చూసేవాళ్లకు అది చెత్త కాగితమే, కానీ మనం ఎక్కడి నుంచి వచ్చామో చెప్పేది అదే. అలాంటి కాగితాల వల్లే చేసిన పని నిలబడిన ఒక మహానుభావురాలి గురించి ఈ వార్షికోత్సవ సంచికలో మీకు చెప్పాలనిపించింది. ఆమె పేరు హ్యాలీ ఫ్లానగన్. అమెరికాలో తొలితరం మహిళా నాటక దర్శకుల్లో ఒకరు.

హ్యాలీ దక్షిణ డకోటా రాష్ట్రంలోని రెడ్‌ఫీల్డ్‌లో పుట్టారు. అయోవా రాష్ట్రంలో గ్రిన్నెల్ అనే చిన్న ఊళ్లో పెరిగి, అక్కడి కాలేజీలోనే 1911లో డిగ్రీ పూర్తి చేశారు. పెళ్లయి ఇద్దరు కొడుకులు పుట్టాక భర్త ముర్రే ఫ్లానగన్ క్షయ వ్యాధితో చనిపోయారు. 1922లో పెద్ద కొడుకు జాక్ కూడా మెనింజైటిస్‌తో పోయాడు. మిగిలిన చిన్న కొడుకుతో ఆమె జీవితం మళ్లీ మొదలుపెట్టారు. కాలేజీలో పాఠాలు చెబుతూ నాటకాలు రాశారు. తర్వాత హార్వర్డ్‌లో జార్జ్ పియర్స్ బేకర్ అనే ప్రసిద్ధ గురువు దగ్గర నాటకకళ నేర్చుకున్నారు. 1925లో వాసర్ మహిళా కళాశాలలో చేరారు.

1926లో గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ అందుకున్న తొలి మహిళల్లో ఆమె ఒకరు. ఆ డబ్బుతో యూరప్, రష్యా తిరిగి అక్కడి నాటకశాలలను చూసి వచ్చారు. తిరిగొచ్చాక 1927లో చెకోవ్ రాసిన ఒకే చిన్న నాటికను ఒకే రాత్రి మూడు వేర్వేరు పద్ధతుల్లో ఆడించారు. 1931లో అర్కన్సాస్ కరువు మీద ఒక నాటకం తయారుచేశారు. అందులో ఒకవైపు ఎండిన చేలు, తిండికి అలమటించే రైతు కుటుంబాలు. మరోవైపు రాజధానిలో పెద్దల ఇంట విందు, డాన్సులు. కరువు చూసిన జిల్లాల నుంచి వచ్చిన మనకు ఆ నాటకం ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు.

అప్పటికే అమెరికాను ఆర్థిక మాంద్యం కమ్మేసింది. కోటిమందికి పైగా పనుల్లేక వీధిన పడ్డారు. అధ్యక్షుడు రూజ్వెల్ట్ ప్రభుత్వం రోడ్లు, వంతెనలు, స్కూళ్లు కట్టించి వాళ్లకు కూలి ఇచ్చే పథకం పెట్టింది. దాని అధిపతి హ్యారీ హాప్కిన్స్ గ్రిన్నెల్ కాలేజీలో హ్యాలీకి ఒక ఏడాది జూనియర్. నటులకు కూడా ఆకలి వేస్తుందని ఆయన గుర్తించారు. ఫెడరల్ థియేటర్ ప్రాజెక్టు అనే నాటక పథకాన్ని నడిపే బాధ్యత హ్యాలీకి అప్పగించారు. 1935 ఆగస్టు 27న, సరిగ్గా తన పుట్టినరోజునే, ఆమె ప్రమాణం చేశారు.

ఇక్కడ మన హాస్టల్ మిత్రులు ఒక్క నిమిషం ఆగాలి. ఆ పథకంలో పనిచేసేవాళ్లలో పదికి తొమ్మిది మందిని ప్రభుత్వ సహాయం పొందే పేదల జాబితా నుంచే తీసుకోవాలని నిబంధన. న్యూయార్క్‌లో వాళ్ల జీతం వారానికి 23.86 డాలర్లు. సర్కారు సొమ్ము తినేవాళ్లకు కళ ఏం తెలుస్తుందని ఎగతాళి చేసినవాళ్లు చాలామంది. ఇలాంటి మాటలు మనలో ఎంతమంది పడలేదు! హ్యాలీ మాత్రం వాళ్లకు ఇచ్చేది భిక్ష కాదు, పనికి జీతం అన్న పట్టు వదల్లేదు. జీతానికి తగ్గ మంచి పని కూడా వాళ్ల చేత చేయించారు.

పథకం జోరుగా సాగిన రోజుల్లో 12 వేల మందికి పైగా అందులో పనిచేశారు. చాలా ప్రదర్శనలు ఉచితం, మిగిలినవాటికీ టిక్కెట్టు చవక. ఆస్పత్రుల్లో, పార్కుల్లో, చర్చి హాళ్లలో ఆడారు. నాటకం అన్నది జన్మలో చూడని జనం చూశారు. 1936లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో నల్లజాతి నటులు షేక్స్‌పియర్ మాక్‌బెత్ ఆడితే వీధులు నిండిపోయాయి. ఆ నాటకానికి దర్శకుడు ఇరవయ్యేళ్ల ఆర్సన్ వెల్స్. వార్తలనే నాటకంగా మలిచే 'లివింగ్ న్యూస్‌పేపర్' అనే పద్ధతిలో రైతుల గిట్టుబాటు ధర, కరెంటు, మురికివాడల ఇళ్లు రంగస్థలం ఎక్కాయి. నియంతృత్వాన్ని హెచ్చరించే ఒక నాటకం 1936 అక్టోబరు 27న దేశమంతటా 21 థియేటర్లలో ఒకే రోజు మొదలైంది. నాలుగేళ్లలో ప్రేక్షకులు దాదాపు 3 కోట్లు.

ఇలాంటి పని అందరికీ నచ్చదు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి పనిచేయడం కొందరికి కంటగింపయింది. పథకం నిండా కమ్యూనిస్టులే ఉన్నారని నింద వేశారు. డైస్ అధ్యక్షుడిగా ఉన్న పార్లమెంటరీ విచారణ సంఘం నెలల తరబడి ఆరోపణలు విన్నది. హ్యాలీని మాత్రం 1938 డిసెంబరు 6న గానీ పిలవలేదు. ఆమె పాత వ్యాసంలో మార్లో పేరు కనబడితే, ఆయన కమ్యూనిస్టా అని ఒక సభ్యుడు అడిగాడు. మార్లో షేక్స్‌పియర్ కాలం నాటి నాటక రచయిత అని ఆమె చెప్పవలసి వచ్చింది. హాలంతా నవ్వింది. కానీ ఆ నవ్వు ఆమెను కాపాడలేదు. చివరగా తన మాట చెప్పుకోనివ్వమని ఆమె కోరారు. సంఘం భోజనానికి లేచింది, మళ్లీ ఆమెను పిలవలేదు. 1939 జూన్ 30తో పథకం మూతపడింది. వేలమంది ఒక్కరోజులో మళ్లీ పనిలేనివాళ్లయ్యారు.

హ్యాలీ వాసర్‌కు తిరిగి వెళ్లి, దగ్గరున్న కాగితాలన్నీ ముందేసుకుని ఆ నాలుగేళ్ల చరిత్ర రాశారు. 'అరీనా' అనే ఆ పుస్తకం 1940లో వచ్చింది. ఆ ఏడాదే రెండో భర్త ఫిలిప్ డేవిస్ చనిపోయారు. తర్వాత స్మిత్ కాలేజీలో డీన్‌గా పనిచేశారు. పార్కిన్సన్స్ జబ్బుతో చాలా ఏళ్లు బాధపడి 1969లో కన్నుమూశారు. అప్పటికి ఆ పథకాన్ని దేశం దాదాపు మరిచిపోయింది.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. 1974లో జార్జ్ మేసన్ యూనివర్సిటీకి చెందిన లొరైన్ బ్రౌన్, జాన్ ఓకానర్ అనే ఇద్దరు అధ్యాపకులు ఆ పథకం కాగితాల కోసం వెతికారు. బాల్టిమోర్ దగ్గర విమానాలు పెట్టే ఒక పాత షెడ్డులో అవి కుప్పలుగా దొరికాయి. నాటకాల ప్రతులు, పోస్టర్లు, ఫొటోలు, దుస్తుల బొమ్మలు అన్నీ ఉన్నాయి. ఇప్పుడవి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉన్నాయి. హ్యాలీ సొంత కాగితాలు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలోనూ, వాసర్ కాలేజీలోనూ ఉన్నాయి. సంఘం వినిపించుకోని మాటను ఈరోజు ఎవరైనా వెళ్లి చదువుకోవచ్చు. పేదవాళ్ల మీద ఖర్చు దండగ అన్నవాళ్లకు ఆ పెట్టెలే జవాబు. దొరికిన సంగతి చూడటానికి ఆమె లేకపోవడమే బాధ.

మిత్రులారా! మనమూ ఏటా వార్షికోత్సవానికి నాటకం వేస్తాం. దుప్పట్లు తెరలవుతాయి, మెస్ గరిటె గద అవుతుంది. తెల్లారేసరికి స్క్రిప్టు ఎవరి దగ్గరుందో తెలియదు. ఎవరు ఏ వేషం వేశారో రెండేళ్ల తర్వాత చెప్పేవాళ్లుండరు. ఈసారి నుంచి స్క్రిప్టు ఒక కాపీ, నటుల పేర్లు, ఒక ఫొటో, ఖర్చు లెక్క కలిపి ఒక ఫైలు చేసి ఆఫీసు బీరువాలో పెడదాం. పాత విద్యార్థుల ట్రంకుల్లో ఏమైనా మిగిలి ఉంటే దయచేసి తెచ్చి ఇవ్వండి. సర్కారు తిండి తిని ఈ పిల్లలు ఏం చేశారని రేపు ఎవరైనా అడిగితే, తీసి చూపించడానికి మన దగ్గరా ఒక ఫైలు ఉండాలి.