బోదకాలు బిళ్ల వెనుక భీమవరం మనిషి

బోదకాలు గోదావరి జిల్లాలకు పాత జబ్బు. దానికి ఇచ్చే డి.ఇ.సి. బిళ్లను తెచ్చిన బృందానికి పెద్ద భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మింగేవారిలో ఈ సంగతి తెలిసినవారు తక్కువే.

ఆయన 1895 జనవరి 12న జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. అన్నదమ్ములు ఇద్దరు పేగుల జబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోయారు. మద్రాసులో వైద్యం చదివి 1922లో అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. యుద్ధకాలంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడంతో అక్కడివారికీ ఈ జబ్బు పట్టింపుకు వచ్చింది. 1947లో ఆయన బృందం డి.ఇ.సి.ని వెల్లడించింది.

ఫైలేరియా పురుగు దోమకాటుతో ఒంట్లో చేరి, లింఫు నాళాల్లో దారపు పోగులా ఏళ్ల తరబడి బతుకుతుంది. దాని పిల్లలు రాత్రిపూట రక్తంలో తిరుగుతాయి. అందుకే రక్తపరీక్షకు సిబ్బంది రాత్రివేళ వస్తారు. ఒంటికి కాపలా కాసే తెల్లకణాలు చిన్న సూక్ష్మజీవినైతే మింగేస్తాయి. పురుగు అలా మింగుడుపడదు. ఇసినోఫిల్ అనే కణాలు దాని చుట్టూ మూగి విషం కక్కి చంపజూస్తాయి. అయితే పురుగు గడుసుది, కాపలానే జోకొడుతుంది. రక్తం నిండా పిల్లపురుగులున్నా మనిషి దిట్టంగా తిరగడానికి కారణం ఇదే.

సుబ్బారావు గారి మందులో ఒక వింత ఉంది. గాజుగొట్టంలోని పిల్లపురుగుల మీద పోస్తే వాటికి దాదాపు ఏమీ కాదు. ఒంట్లో పడితే కొద్ది గంటల్లోనే రక్తంలో బాగా తగ్గిపోతాయి. మందు వాటిని కాపలా కంట పడేలా చేస్తుంది, చంపే పని చాలావరకు మన తెల్లకణాలదే.

మందు ఫలితం తన జిల్లాలో చూడకుండానే ఆయన 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో 53వ ఏట కన్నుమూశారు. అమెరికా వెళ్లాక మళ్లీ స్వదేశం రాలేదు.

2004 నుంచి దేశంలో ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఈ బిళ్లను ఇంటింటికీ పంచసాగారు. మింగినవారిలో కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. మందు వికటించిందని హడలిపోయి మరుసటి ఏడు బిళ్ల పారేసేవారున్నారు. ఆ జ్వరం చాలావరకు చచ్చిన పురుగులపై శరీరం విరుచుకుపడటం వల్ల వచ్చేదే. పురుగులు ఎక్కువున్న ఒంట్లోనే అది ఎక్కువ, మామూలుగా రెండుమూడు రోజుల్లో తగ్గుతుంది. ముదిరిన వాపును మాత్రం బిళ్ల తీసేయలేదు. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి దీన్ని ఇవ్వరు.