పావులూరి మల్లన - చదరంగపు లెక్క

అంచెట్టి, డెంకణికోట, హోసూరు ప్రాంతాలలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు నన్నయభట్టు పేరు క్రొత్త కాదు. అతని కాలమువాడేనని ప్రసిద్ధి గాంచిన పావులూరి మల్లన పేరు మాత్రం మన పిల్లలలో చాలామంది విని ఉండరు. తెలుగులో మొట్టమొదట గణిత గ్రంథం వ్రాసిన మహనీయుడితడు.

మల్లన 11వ శతాబ్దివాడని సాహిత్య చరిత్రలు చెబుతున్నవి. వేంగి నేలిన రాజరాజ నరేంద్రుని వలన పిఠాపురం దగ్గరి నవఖండవాడ అనే గ్రామం వీరి వంశానికి లభించింది. 9వ శతాబ్దిలో జైనుడైన మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసార సంగ్రహాన్ని మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. మాటకు మాట మార్చి ఊరుకోలేదు. తాను శివభక్తుడు గనుక జైన ప్రసక్తులను శివపరం చేశాడు. కొన్ని పద్ధతులు తగ్గించి, క్రొత్త లెక్కలు చేర్చాడు. జనం ఆ గ్రంథాన్ని పావులూరి గణితమనే పిలుచుకొన్నారు.

అందులో చదరంగపు లెక్క ప్రసిద్ధమైనది. మొదటి గడిలో 1, తరువాత 2, ఆపైన 4, ఇట్లు 64 గడులలోను రెట్టింపు చేస్తూ పోతే మొత్తమెంత? 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు! చంద్రుడంటే 1, అగ్ని అంటే 3, వేదాలంటే 4, బాణాలంటే 5 అనే సంకేతాలతో, ఒకట్ల స్థానం నుండి ఎడమకు, ఈ సంఖ్యనంతా మల్లన ఒక్క పద్యంలో ఇమిడ్చాడు.

గ్రాముకు 40 బియ్యపు గింజలు చొప్పున ఇన్ని గింజలను 60 టన్నుల వ్యాగనులకు ఎత్తితే 760 కోట్లకు పైగా వ్యాగనులు కావాలి.

ఈ సంఖ్య స్వభావం కూడ చూడదగినది. అంకెలు కూడితే 87. కనుక 3తో భాగింపబడుతుంది, 9తో భాగింపబడదు. చివర 5 ఉన్నది గనుక 5తోను పోతుంది. పూర్తిగా విడగొడితే 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం. వీనిలో 641 సంగతి ఐరోపాలో ఆయిలర్ పండితుడు 1732లో కనిపెట్టాడు. మొత్తం సంఖ్యను మన తెలుగువాడు అంతకు శతాబ్దాల ముందే పద్యంలో భద్రపరచాడు.

పరాయి చోట తెలుగు మాట్లాడుతూనే ఉన్నాము గాని, లెక్క వచ్చేసరికి మన పిల్లలు ఇంగ్లీషులోనో, తమిళంలోనో ఎంచుతున్నారు. లెక్కకు పనికిరాని భాష సంతకు వెళ్లదు, కొట్టుకు వెళ్లదు; క్రమంగా ఇంటిలోను మూగబోతుంది. శాస్త్రానికి సంస్కృతమే తగునని మల్లన అనుకొని ఉంటే మనకు ఆ గణితం దక్కేది కాదు.

ఈ ఉగాదినాడు పిల్లలకు చింతగింజలిచ్చి గడులు గీయించండి. పదవ గడికి 512, మొత్తం 1023 వస్తుంది. ప్రతి గడిని తెలుగులోనే ఎంచమనండి. మల్లనకు మనం చేయగల పూజ అదే.