చెక్క విమానం నడిపిన వీరుడు

రైట్ సోదరుల గురించి మనం పాఠంలో చదువుకున్నాం. యుద్ధానికి ఒక్కసారి కూడా పోని ఒక యుద్ధ విమానం కోసం ప్రాణమిచ్చిన ఆయన గురించి ఇప్పుడు తెలుసుకుందాం. ఆయన పేరు గ్రిగోరీ బఖ్చివాంద్జీ.

ఆయన రష్యాలో కుబాన్ ప్రాంతంలోని బ్రింకోవ్‌స్కయా అనే పల్లెలో పుట్టారు. చిన్న వయసులోనే ఇనుము పోతపోసే చోట, రైలు ఇంజన్ల దగ్గర పని చేశారు. 1927లో సైన్యంలో చేరారు. అక్కడే విమానం నడపడం నేర్చుకుని, కొత్త విమానాలను పరీక్షించే పైలట్ అయ్యారు.

1941 జూన్ 22న జర్మనీ సైన్యం సోవియట్ దేశం మీద పడింది. ఆయన యుద్ధంలోకి వెళ్ళి శత్రువులతో పోరాడారు. కొద్ది కాలానికే ఆయనను వెనక్కి పిలిచారు. ఎందుకంటే బెరెజ్‌న్యాక్, ఇసాయెవ్ అనే ఇద్దరు ఇంజనీర్లు బి.ఐ. అనే రాకెట్ విమానం తయారు చేస్తున్నారు. దానికి ముందు తిరిగే పంకా లేదు. ఒళ్ళు చాలా వరకు చెక్కే. కిరసనాయిలు, నైట్రిక్ ఆమ్లం కలిసి మండితే వచ్చే మంటతో అది ఎగరాలి. ఆ ఆమ్లం ఒంటి మీద పడితే చర్మం కాలిపోతుంది.

1942 ఫిబ్రవరిలో నేల మీద పరీక్ష చేస్తుంటే ఇంజన్ పేలింది. ఆయన తలకు దెబ్బ తగిలింది. అయినా భయపడి మానుకోలేదు. మే 15న ఉరల్ కొండల దగ్గర కొల్త్సొవొలో ఆ విమానం ఎక్కి ఎగిరారు. 3 నిమిషాల 9 సెకన్లు మాత్రమే! మన ప్రార్థన అయ్యేంత సేపు కూడా కాదు. దిగేటప్పుడు చక్రాల కాళ్ళు విరిగినా ఆయనకు ఏమీ కాలేదు.

1943 మార్చి 27న చాలా వేగంగా పోతుండగా విమానం ఒక్కసారిగా ముక్కు కిందికి వాల్చి నేలకు గుద్దుకుంది. ఆయన చనిపోయారు. ఎందుకు అట్లా అయ్యిందో అప్పుడు ఎవరికీ తెలియలేదు. తయారవుతున్న మిగతా విమానాలను ఆపేశారు. తర్వాత పెద్ద గాలి సొరంగంలో పరీక్షించి చూస్తే అసలు సంగతి తెలిసింది. ధ్వని వేగానికి దగ్గరగా వస్తే అట్లాంటి రెక్కల విమానాన్ని గాలే కిందికి తోసేస్తుందట. పైలట్ ఎంత బలంగా లాగినా లేవదు. అంటే తప్పు ఆయనది కాదు.

మాలీ ఇస్తోక్ అనే ఊరిలో ఆయన సమాధి ఉంది. చనిపోయిన 30 ఏళ్ళకు, 1973లో, సోవియట్ వీరుడు అనే బిరుదు ఇచ్చారు.

ఆ విమానం యుద్ధం గెలిపించలేదు. కానీ తర్వాత ఎగిరిన వాళ్ళకు ఎక్కడ ప్రమాదం ఉందో చూపించింది. మొదట నడిచిన వాళ్ళకే ముళ్ళు గుచ్చుకుంటాయి. వెనక వచ్చేవాళ్ళకు బాట దొరుకుతుంది. మన ఇళ్ళల్లో మొదట చదువుకుంటున్నది మనమే కాబట్టి ఈ మాట మనం గుర్తు పెట్టుకోవాలి.