కుట్టుయంత్రమును కూర్చిన ఎలియాస్ హౌ

మన చిల్లకల్లు ప్రాంతపు నల్లరేగడి చేలలో ప్రత్తి విచ్చుట మనమందరము చూచుచున్నదే. ఆ ప్రత్తి దారమై, బట్టయై, తుదకు చొక్కాయై మన మేనికి రావలెనన్న సూదిపని కావలెను. ఆ పనిని చేతినుండి యంత్రమునకు మార్చినవారిలో ముఖ్యుడగు ఎలియాస్ హౌ చరిత్రమును మా చదువరులకు తెలుపగోరుచున్నాము.

ఆయన 1819వ సంవత్సరము జూలై 9వ తేదీన అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమందు స్పెన్సరు గ్రామమున జన్మించెను. తండ్రి సేద్యమును, పిండిమరను నడుపువాడు. హౌ 1835లో లోవెల్ పట్టణమున నేతయంత్రముల కర్మాగారమందు చేరెను. 1837 నాటి వర్తక సంక్షోభమున ఆ పని పోగా, పిదప బోస్టనులో పరికరములు చేయు నొకనియొద్ద కుదిరెను. కూలి స్వల్పము, బిడ్డలు మువ్వురు. భార్య ఎలిజబెత్తు ఇతరుల బట్టలు కుట్టి యిల్లు గడపుచుండెను.

ఆమె శ్రమను యంత్రమునకు అప్పగింప హౌ పూనుకొనెను. చేతిసూదికి బెజ్జము వెనుకనుండును. ఆయన దానిని మొనయొద్దకు తెచ్చెను. సూది పైదారముతో బట్టలోనికి దిగి కొంచెము వెనుదీయగనే దారము ఉచ్చువలె విడివడును. మగ్గమందలి నాడెవంటి దొకటి క్రిందిదారముతో ఆ యుచ్చులో దూరును. రెండు దారములును బట్టనడుమ పెనగొని బిగియును. ఈ యంత్రము 1845లో నిమిషమునకు 250 కుట్లు కుట్టి, బోస్టనులో అయిదుగురు కుట్టుపనికత్తెలను గెలిచెను. 1846 సెప్టెంబరు 10వ తేదీన పేటెంటు లభించెను.

అయినను దానికొక లోపముండెను. బట్టను ముండ్లుగల పలకకు నిలువుగా తగిలింపవలెను. పలక పొడవెంతయో అంతవరకే తిన్నని కుట్టు. పిదప ఆపి మరల తగిలింపవలెను. స్వదేశమున కొనువారు లేరైరి. సోదరుడు ఇంగ్లండులో దానిని 250 పౌనులకు అమ్మెను. హౌ తానును అచటికేగి కష్టపడి, 1849లో రిక్తహస్తములతో మరలివచ్చెను. కొలది కాలమునకే భార్య క్షయరోగమున మరణించెను. ఎవరి శ్రమను తగ్గింప పూనెనో, ఆమె ఫలమును చూడనేలేదు.

అప్పటికే ఇతరులు ఆయన కుట్టును తమ యంత్రములలో వాడుచుండిరి. న్యాయస్థానము 1854లో హౌ పక్షమున తీర్పు చెప్పెను. అంతట యంత్రముల అమ్మకముపై రుసుము వచ్చి ఆయన ధనవంతుడయ్యెను. అంతర్యుద్ధకాలమున సామాన్య సైనికుడుగా చేరి, జీతములందని తన పటాలమునకు సొంత ధనమునే యిచ్చెను. 1867 అక్టోబరు 3వ తేదీన కాలధర్మము నొందెను.

ఆ లోపమును తీర్చినవారు ఇతరులు. ఐజాక్ సింగరు 1851 నాటి తన యంత్రమున బట్టను బల్లపై పరచి, పాదముతో అదిమెను. అల్లెన్ విల్సను 1854లో బట్టక్రింద పండ్లను అమర్చెను. అవి పైకి లేచి, బట్టను ఒక్క కుట్టంత ముందుకు జరిపి, క్రిందికి దిగి, వెనుకకు వచ్చును. అడుగులు సమానమగుటచే కుట్లును సమానములగును.

కావున కుట్టు నేర్చుకొను బాలబాలికలు బట్టను లాగరాదని మా మనవి. లాగినచో కుట్టు వంకరపోవును, సూదియు విరుగును. జరుపుట పండ్ల పని. వ్రేళ్లతో దారి చూపుటయే మన పని. దృష్టి ఎగిరిపడు సూదిపై గాక, పాదము ప్రక్కనున్న బట్ట అంచుపై నిలువవలెను. పైదారము, క్రిందిదారము సమముగా బిగిసియుండవలెను. ఇట్లు కుట్టిన ప్రతి తిన్నని కుట్టునందును ఆ పేద యింటి ఇల్లాలి రాత్రుల శ్రమ కొంత తీరినదని మేము తలంచుచున్నాము.