షోయబుల్లా ఖాన్: రజాకార్ల రోజుల్లో ఓ 27 ఏళ్ల ఎడిటర్

ఆగస్టు 22 షోయబుల్లా ఖాన్ వర్ధంతి. 1948లో ఆ రోజు తెల్లవారేలోపు ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు కూడా నిండలేదు. బాటసింగారం, హయత్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ నుంచి పనుల మీద కాచిగూడ వైపు వెళ్లే మన కుటుంబాలు ఎన్నో. ఆ కాచిగూడలోనే ఆయన పత్రిక నడిపారు, అక్కడే ఆయన మీద దాడి జరిగింది. మన పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

షోయబుల్లా ఖాన్ 1920 అక్టోబర్ 17న మహబూబాబాద్ దగ్గరి సుబ్రవేడులో పుట్టారు. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసులో పనిచేసేవారు. ఆయనకు గాంధీ అంటే అభిమానం, కొడుకుని ముద్దుగా షోయబుల్లా గాంధీ అని పిలిచేవారని చెబుతారు. షోయబుల్లా ఉస్మానియాలో బీఏ చదివారు. ఆ రోజుల్లో ఉస్మానియా డిగ్రీ ఉన్న ముస్లిం యువకుడికి సర్కారు నౌకరీ దొరకడం పెద్ద కష్టం కాదు. ఆయన మాత్రం చిన్న జీతం, పెద్ద ప్రమాదం ఉన్న పత్రికల దారి పట్టారు.

మొదట తేజ్ అనే ఉర్దూ వారపత్రికలో చేరారు. సర్కారు దాన్ని మూయించింది. తర్వాత మందుముల నరసింగరావు నడిపే రయ్యత్‌లో పనిచేశారు. దానికీ అదే గతి పట్టింది. ఇంకెవరైనా అయితే అక్కడితో ఆపేసేవారేమో. షోయబుల్లా 1947 నవంబర్ 15న సొంతంగా ఇమ్రోజ్ అనే ఉర్దూ దినపత్రిక మొదలుపెట్టారు. ఇమ్రోజ్ అంటే ఈరోజు. ఇంట్లోని నగలు అమ్మి పెట్టుబడి పెట్టారని అంటారు. బూర్గుల రామకృష్ణారావు లాంటి కాంగ్రెస్ నాయకులు అండగా నిలిచారు.

ఒకే రంగు పూసిన రోజులు

అప్పటి పరిస్థితి చూడండి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, హైదరాబాద్ సంస్థానం మాత్రం భారత్‌లో కలవలేదు. 1947 నవంబర్ 29న యథాతథ ఒప్పందం కుదిరింది. ఒకపక్క తెలంగాణ పల్లెల్లో రైతుల సాయుధ పోరాటం, ఇంకోపక్క ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు. రజాకార్లలో చేరినవాళ్లలో ఎక్కువమంది కుర్రాళ్లే. నిజాం పక్షాన రాసేవాళ్లకు వాళ్లు రాజ్యాన్ని, కౌమ్‌ను కాపాడే వీరులు. బయట చదివేవాళ్లకేమో రజాకార్, ముస్లిం అనే రెండు మాటలూ ఒకటే అయిపోతున్నాయి. ఈ రెండు బొమ్మల మధ్య మామూలు ముస్లిం యువకుడికి, అంటే చదువుకునేవాడికి, దుకాణంలో కూర్చునేవాడికి, భయపడి ఇంట్లో ఉన్నవాడికి చోటే లేదు.

ఆ చోటు చూపించింది ఇమ్రోజ్. రజాకార్ల దోపిడీలను, దాడులను షోయబుల్లా తప్పుబట్టారు. అదుపు చేయాల్సిన సర్కారునూ వదల్లేదు. ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం రావాలని, సంస్థానం భారత్‌లో కలవాలని రాశారు. అది కూడా ఉర్దూలో, మన ఇళ్లలో చదివే భాషలో రాశారు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకార్ సంస్థను రద్దు చేయాలని, భారత్‌లో చేరాలని ప్రకటన ఇస్తే ఇమ్రోజ్ దాన్ని అచ్చేసింది. ముస్లింలందరిదీ ఒకే మాట కాదని ఆ ఒక్క ప్రకటనతో లోకానికి తెలిసింది. ఖాసిం రజ్వీకి మింగుడుపడనిది కూడా అదే.

బెదిరింపులు వచ్చాయి, కౌమ్‌కు గద్దార్ అన్నారు. ఆయన రాయడం ఆపలేదు. ఆగస్టు 21 రాత్రి పని ముగించుకుని బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి ఇంటికి బయల్దేరారు. లింగంపల్లి చౌరస్తా దగ్గర కాపు కాసినవాళ్లు తుపాకీతో కాల్చారు, రాసే చేతిని నరికేశారు. అడ్డుపడ్డ ఇస్మాయిల్ ఖాన్ కూడా చెయ్యి పోగొట్టుకున్నారు. షోయబుల్లాను గోషామహల్ మాలకుంట ఖబరస్తాన్‌లో దఫన్ చేశారు.

తేడా చూపకపోతే ఏమవుతుంది

ఆయన పోయిన 22 రోజులకు, సెప్టెంబర్ 13న, భారత సైన్యం సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయారు. ఆ తర్వాత రజాకార్ల మీద కోపం, రజాకార్లతో ఏ సంబంధం లేని ముస్లింల మీద పడింది. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం ఊళ్లు తిరిగి చూసింది. చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల వరకు ఉంటారని అంచనా వేసింది. ఆ బృందంలో పయామ్ పత్రిక స్థాపించిన ఖాజీ అబ్దుల్ గఫార్ కూడా ఉన్నారు. ఆ నివేదిక దశాబ్దాలపాటు జనం ముందుకు రాలేదు. రజాకార్ వేరు, ముస్లిం వేరు అనే తేడా చెరిగిపోతే ఎంత నష్టమో ఈ లెక్క చెబుతుంది. షోయబుల్లా ప్రాణం పోయింది కూడా ఆ తేడా చూపించినందుకే.

ఇది పాత కథే అనుకోవడానికి లేదు. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత ఎందరో ముస్లిం యువకులను పోలీసులు పట్టుకున్నారు. కోర్టు తీర్పు రాకముందే వాళ్ల మీద ఉగ్రవాదులనే ముద్ర పడింది. తర్వాత వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. సర్కారు కొందరికి పరిహారం కూడా ఇచ్చింది, దాన్ని 2013లో హైకోర్టు కొట్టేసింది. పట్టుకున్న వార్త గుర్తున్నంతగా విడుదలైన వార్త ఎంతమందికి గుర్తుంది?

షోయబుల్లాకు కూడా బొమ్మలు గీశారు. బతికుండగా కొందరికి ద్రోహి. పోయాక, మిగతా ముస్లింలను వేలెత్తి చూపాలనుకునేవాళ్లకు ఆయన ఒక్కడే మంచి ముస్లిం. రెండూ అన్యాయమే. ఆయన ఒంటరిగా లేరు. ఆ ఏడుగురు ఉన్నారు, చెయ్యి పోగొట్టుకున్న ఇస్మాయిల్ ఖాన్ ఉన్నారు, ఇమ్రోజ్‌ను కొని చదివినవాళ్లు ఉన్నారు.

గొడవలు జరిగినప్పుడు పేపర్లో, ఫోన్‌లో మన కుర్రాళ్ల గురించి ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. వాళ్లను నెత్తిన పెట్టుకోమనే వార్త వచ్చినా, వాళ్లంతా మూకలే అనే వార్త వచ్చినా వెంటనే ముందుకు పంపకండి. ఎవరు చేశారు, ఎవరు చూశారు, కోర్టు ఏమంది అని అడగండి. పిల్లలకు కూడా ఆ అలవాటు నేర్పండి. వర్ధంతి రోజున షోయబుల్లా ఖాన్ మగ్ఫిరత్ కోసం దుఆ చేయండి, ఆయన ఏం రాశారో ఇంట్లో చెప్పుకోండి.