కంచర గాడిదనెక్కి లోకం చూసిన ఇసబెల్లా బర్డ్

పదవీ విరమణ చేసినవాళ్ళం నలుగురం ఒకచోట కలిస్తే మాటలు మోకాళ్ళ నొప్పులతో మొదలై, నడుము నొప్పి మీదుగా కరువు భృతి బకాయిల దాకా పోతాయి. మధ్యలో ఎవరో ఒకరు తమ తీర్థయాత్ర సంగతి ఎత్తుతారు. కేదారనాథ్ వెళ్ళివచ్చినవారైతే గౌరీకుండ్ దగ్గర కంచర గాడిదనెక్కిన వైనం చెప్పక మానరు. జీను మీద ఎలా కూర్చోవాలో తెలియని అవస్థ, పక్కనే లోయ, ముందు పోతున్న బావగారి గాడిదను దాటిపోవాలని మన గాడిద పడే తొందర, వెనుకనుంచి పిల్లల కేకలు, ఇవన్నీ తలచుకుని నవ్వుకుంటాం. ఆ రాత్రి నడుము పట్టేసిన సంగతి మాత్రం చివర్లో చెప్పుకుంటాం.

అటువంటి నడుము నొప్పితోనే చిన్ననాటినుంచి బాధపడుతూ, గుర్రాల మీద, కంచర గాడిదల మీద సగం ప్రపంచం తిరిగివచ్చిన ఒక మహిళ కథ ఇది. ఆమె పేరు ఇసబెల్లా బర్డ్. ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో 1831 అక్టోబరు 15న జన్మించింది. తండ్రి చర్చిలో మతాచార్యుడు. ఐదడుగులు కూడా లేని మనిషి. 18వ ఏట వెన్నెముక దగ్గర పెరిగిన కణితిని శస్త్రచికిత్స చేసి తీసివేశారు. ఆ తరువాత కూడా వెన్నునొప్పి, నిద్రపట్టకపోవడం, దిగులు ఆమెను వదలలేదు. వైద్యులు గాలి మార్పు అవసరమన్నారు. 1854లో తండ్రి నూరు పౌన్లు చేతికిచ్చి, ఆ డబ్బు ఉన్నన్నాళ్ళు అమెరికాలో ఉండి రమ్మని పంపాడు. తిరిగివచ్చి రాసిన పుస్తకం 1856లో అచ్చయింది. తండ్రి 1858లో మరణించాడు. తరువాత తల్లితో, చెల్లెలు హెన్రియెట్టాతో స్కాట్లండులో కాపురం. మళ్ళీ అదే మంచం, అవే మందులు. యౌవనమంతా అలాగే గడిచిపోయింది.

1872లో, 40 ఏళ్ళ వయసులో, ఆమె మరోసారి ఓడ ఎక్కింది. ఆస్ట్రేలియా ఆమెకు నచ్చలేదు. అక్కడినుంచి న్యూజీలండు మీదుగా అమెరికా వెళ్ళే ఓడలో తోటి ప్రయాణికురాలి కుమారుడికి జబ్బు చేసింది. వారికి సాయంగా ఇసబెల్లా 1873 జనవరిలో హవాయి దీవుల్లో దిగిపోయింది. అనుకోకుండా దిగిన ఆ చోటే ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది.

ఆ రోజుల్లో ఇంగ్లండులో మర్యాదస్థుల ఇంటి ఆడవారు గుర్రానికి రెండు పక్కలా కాళ్ళు వేసి కూర్చోవడం నిషిద్ధం. రెండు కాళ్ళూ ఒకేవైపు వేసి, నడుము మెలిపెట్టి, పక్క జీను మీద కూర్చోవాలి. ఆరోగ్యవంతురాలికే అది కష్టం. వెన్ను దెబ్బతిన్న మనిషికి శిక్షే. హవాయిలో ఆమె చూసిన దృశ్యం వేరు. శనివారం మధ్యాహ్నమైతే చాలు, అక్కడి స్త్రీలు పూలదండలు వేసుకుని, గుర్రాలకు రెండు పక్కలా కాళ్ళు వేసి, వీధుల్లో ఒకరినొకరు మించిపోతూ దౌడు తీసేవారు. అది బహుమతుల కోసం కాదు, సరదా కోసమే. కిలవేయా అగ్నిపర్వతం చూడటానికి బయలుదేరినప్పుడు ఇసబెల్లా కూడా సిగ్గు విడిచి, పక్క జీను వదలి, మగవారి జీను ఎక్కింది. వెన్నునొప్పి తగ్గుముఖం పట్టింది. వైద్యులు ఏళ్ళ తరబడి చేయలేని పని ఒక జీను మార్పు చేసింది.

అదే సంవత్సరం ఆమె అమెరికాలోని రాకీ పర్వతాలకు చేరుకుంది. పశువుల కాపరులతోపాటు గుర్రమెక్కి పశువుల మందలను తోలింది. 14 వేల అడుగులకు పైబడిన లాంగ్స్ శిఖరం ఎక్కింది. బర్డీ అనే చిన్న గుర్రం మీద మంచులో ఒంటరిగా వందల మైళ్ళు తిరిగింది. అయితే లోకం మాటకు భయపడని మనిషి అని మాత్రం అనుకోరాదు. పట్టణం కనుచూపు మేరకు వచ్చేసరికి మళ్ళీ పక్కకు తిరిగి కూర్చునేది. 1879లో ఆ యాత్ర పుస్తకంగా వచ్చినప్పుడు లండన్ టైమ్స్ పత్రిక ఆమె మగదుస్తులు వేసుకుందని రాసింది. ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. తాను ధరించింది ఆడవారి సవారీ దుస్తులేనని రుజువు చేయడానికి పుస్తకంలో బొమ్మ కూడా వేయించింది. కొండలకు బెదరని మనిషి ఇరుగుపొరుగు మాటకు బెదిరింది. ఈ బలహీనత మనలో ఎవరికి లేదు?

ఆమె పుస్తకాల్లో చాలాభాగం చెల్లెలికి రాసిన ఉత్తరాలే. ఆ హెన్రియెట్టా 1880లో టైఫాయిడ్‌తో కన్నుమూసింది. మరుసటి ఏడు ఇసబెల్లా తమ కుటుంబ వైద్యుడు జాన్ బిషప్‌ను వివాహమాడింది. అప్పటికి ఆమెకు 49 ఏళ్ళు, ఆయన ఆమెకంటే పదేళ్ళు చిన్న. ఐదేళ్ళకే, 1886లో, దీర్ఘవ్యాధితో ఆయనా వెళ్ళిపోయాడు. ఉత్తరం రాసుకోవడానికి చెల్లెలు లేదు, ఇంటికి తిరిగివస్తే ఎదురుచూసే భర్త లేడు.

ఆమె ఇంట్లో కూర్చుని గతాన్ని తలపోసుకోలేదు. లండన్ వెళ్ళి ఆసుపత్రిలో రోగుల సేవలో శిక్షణ పొందింది. 1889లో మన దేశానికి వచ్చింది. కాశ్మీరులో భర్త పేర, అమృతసర్‌లో చెల్లెలి పేర ఆసుపత్రులు నెలకొల్పడానికి ధనం ఇచ్చింది. భర్త పేరిట శ్రీనగర్‌లో వెలసిన ఆసుపత్రి తరువాతి కాలంలో అనంతనాగ్‌కు మారింది. అక్కడినుంచి ఆమె లడఖ్ కొండల్లోకి వెళ్ళింది. ష్యోక్ నది దాటుతుండగా గుర్రం వెల్లకిలా ఆమె మీద పడింది. గుర్రం మునిగిపోయింది. ఆమె ఒక పక్కటెముక విరిగి బయటపడింది. అయినా ప్రయాణం మానలేదు.

ఆ మరుసటి ఏడు, 1890 జనవరిలో, 58 ఏళ్ళ వయసులో బాగ్దాద్‌నుంచి టెహరాన్‌కు కంచర గాడిద మీద బయలుదేరింది. మేజర్ సాయర్ అనే సైనికాధికారి తోడుగా వచ్చాడు. మగ గాడిదకు, ఆడ గుర్రానికి పుట్టే ఈ జంతువు వేగంలో గుర్రానికి సాటిరాదు. కాని కొండదారిలో అడుగు తప్పదు, ముతక మేతతో సరిపెట్టుకుంటుంది, బరువు మోయడంలో దానికదే సాటి. ఆ యాత్రకు ఇవన్నీ అవసరమయ్యాయి. మొదట మోకాలిలోతు బురద, తరువాత జాగ్రోస్ పర్వతాల మంచు. మంచులో మనుషులు తొక్కి చేసిన దారి కాలువలా ఇరుకుగా ఉండేది. ఎదురుగా మరో బిడారు వస్తే మూటలు ఒకదానికొకటి ఢీకొనేవి. పక్కకు తప్పుకున్న జంతువు లోతు మంచులో కూరుకుపోయేది. రాత్రివేళ సత్రాల్లో మనుషులు, పశువులు ఒకే కప్పు కింద పడుకునేవారు. సుమారు నెలన్నర ఇలా నడిచి, ఒళ్ళంతా బురదతో, నిలబడే ఓపిక లేక టెహరాన్‌లోని బ్రిటిష్ రాయబార కార్యాలయం గుమ్మంలో దిగింది. లోపల దీపాలు వెలుగుతూ విందుకు ఏర్పాట్లు జరుగుతున్నాయి. ఆమె ఆ విందు జోలికి పోలేదు. తన గదిలోకి వెళ్ళి, కుంపటి ముందు పరచిన కంబళి మీద పడి నిద్రపోయింది. కొద్దివారాలు విశ్రాంతి తీసుకుని, మళ్ళీ బయలుదేరి, భక్తియారీ కొండజాతుల నడుమ రోగులకు మందులిస్తూ నల్లసముద్రం దాకా ప్రయాణం చేసింది.

1892లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ తొలిసారిగా స్త్రీలను సభ్యులుగా చేర్చుకుంది. ఆ తొలి బృందంలో ఇసబెల్లా ఉంది. మరుసటి ఏడే ఆ సంఘంలోని పెద్దలు ఇక స్త్రీలను చేర్చుకోరాదని తీర్మానించారు. ఆ తలుపు మళ్ళీ తెరుచుకోవడానికి 1913 వరకు పట్టింది. ఈమె మాత్రం అటు కొరియా, చైనా దేశాలు తిరుగుతూ, ఫోటోలు తీస్తూ, పుస్తకాలు రాస్తూనే ఉంది.

1901లో, 70 ఏళ్ళకు చేరువలో, మొరాకో వెళ్ళింది. అప్పటికి ఆరోగ్యం బాగా క్షీణించింది. సుల్తాను ఆమెకు బలమైన నల్లని గుర్రాన్ని ఇచ్చాడు. పొట్టి మనిషి, పైగా ముదిమి. అంత ఎత్తు గుర్రాన్ని ఎలా ఎక్కడం? నిచ్చెన తెప్పించుకుంది. నిచ్చెన మెట్లెక్కి జీను మీద కూర్చుని, అట్లాస్ పర్వతాల దాకా వెళ్ళివచ్చింది. ఇదే ఆమె చివరి పెద్ద యాత్ర. 1904 అక్టోబరు 7న, 73వ పుట్టినరోజుకు వారం ముందు, ఎడింబరోలో కన్నుమూసింది. మళ్ళీ చైనా వెళ్ళాలని అప్పటికే పెట్టెలు సర్దించి ఉంచింది.

ఇసబెల్లా బర్డ్‌కు రోగం పూర్తిగా నయమైందని ఎవరూ చెప్పలేరు. ఇంట్లో ఉన్నప్పుడల్లా మంచాన పడుతూనే ఉంది. ఆమె చేసిందల్లా తన ఒంటికి సరిపడే జీను వెతుక్కోవడం. ఊరు కనబడగానే పక్కకు తిరిగి కూర్చున్న మనిషి, 70వ ఏట నలుగురి ఎదుటా నిచ్చెన వేసుకుని ఎక్కింది. మనలో చేతికర్ర పట్టుకుంటే ముసలివారంటారని, మెట్ల దగ్గర చెయ్యి అందించమంటే లోకువవుతామని గుమ్మం దాటడం మానుకున్నవారు ఉన్నారు. ఈసారి మిత్రులతో ఏ యాత్రకో బయలుదేరేటప్పుడు ఆ నిచ్చెనను ఒకసారి గుర్తుచేసుకుందాం. కర్ర కావలసివస్తే కర్ర, చెయ్యి కావలసివస్తే చెయ్యి. ప్రయాణం మాత్రం మానవద్దు.