సిద్ధరాముని ఎఱుక

విద్య వేఱు, ఎఱుక వేఱు. విద్య నేర్చిన కొలది పెరుగును; ఎఱుక నేననునది కరగిన కొలది కలుగును. ఈ భేదమును తన జీవితముననే చవిచూచిన మహనీయుడు శివయోగి సిద్ధరామేశ్వరుడు.

12వ శతాబ్దమున, నేటి మహారాష్ట్రములోని షోలాపురమైన సొన్నలిగెలో, ముద్దగౌడ సుగ్గలదేవి దంపతులకు సిద్ధరాముడు జన్మించెను. బాల్యమున మాటాడక పశువులను కాచుచుండుటచే ఊరివారతనిని మందమతియని తలంచిరి. ఒకనాడు పొలమున మల్లయ్య జంగమరూపమున కనిపించి పెరుగన్నము కోరెననియు, బాలుడు ఇంటికేగి తెచ్చునంతలో అదృశ్యుడయ్యెననియు కథ కలదు. ఆ బాలుడు యాత్రికుల వెంట శ్రీశైలమునకు పోయెను. గుడిలోని లింగమును చూపినను తృప్తి చెందలేదు. తనకు కనిపించిన మల్లయ్యయే కావలెనని విలపించి లోయలోనికి దుముకబోవగా, మల్లికార్జునుడే చేయి పట్టి నిలిపెనట.

సొన్నలిగెకు మరలివచ్చిన సిద్ధరాముడు యోగసిద్ధుడై, వాన తక్కువైన ఆ సీమలో చెరువు త్రవ్వించెను, గుడులు కట్టించెను. జనులాతనిని దైవముగా కొలిచిరి. దైవదర్శనము, యోగము, లోకోపకారము, కీర్తి అన్నియు కలవు. ఇంక కొఱత యేమి?

ఆ కొఱతను చూపుటకే అల్లమప్రభువు వచ్చెనని శూన్యసంపాదనము చెప్పుచున్నది. ప్రభువు సిద్ధరాముని ఉత్త మట్టిపనివానిగా తేలికచేసి పలుకగా పనివారు రాళ్లు రువ్విరి. సిద్ధరామునికిని పట్టరాని కోపము వచ్చెను. ఆ కోపమే అతనికి అద్దమయ్యెను. చెరువు నీరు లోకముది. త్రవ్వించితినను తలంపు మాత్రము తనది. ఇన్ని విద్యలు సాధించినను ఆ ఒక్క తలంపును గెలువలేకపోతినని గ్రహించి సిద్ధరాముడు తలవంచెను.

పిమ్మట ప్రభువు వెంట కల్యాణమునకేగి, జనులచే పూజలందుకొనిన ఆ యోగి, యువకుడైన చెన్నబసవన్న చేత లింగదీక్ష పొందెను. అహంకారము తొలగినదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. కాలక్రమమున శూన్యపీఠమును అధిష్ఠించి, తుదకు సొన్నలిగెలోనే సమాధి చెందెను.

ఎఱుక కలిగినంతనే సిద్ధరాముని సత్కార్యములు వ్యర్థములు కాలేదు. చేసితినను భారము మాత్రమే తొలగెను. ఆ చెరువు నేటికిని షోలాపురమున నీటితో నిలిచియున్నది. దాని నడుమనున్న ఆలయమునకు ఏటేట సంక్రాంతినాడు జనులు తరలివచ్చుచున్నారు. నీరు త్రాగువాడు త్రవ్విన వానిని తలంపవచ్చును. త్రవ్వినవాడు మాత్రము తన్ను తాను మఱచుటయే ఎఱుక.